వేవిళ్ళు మితిమీరితే

(మహిళా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక ప్రభుత్వ ఆస్పత్రి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

వెనక గుమ్మం దగ్గర నిలబడిన అన్నదమ్ములు కూడా లోపలికి వచ్చి కూర్చుంటే బాగుంటుంది. ఇది ఆడవాళ్ళ విషయం కదా అని మీరు అనుకోవచ్చు. కాని ఆస్పత్రికి బయలుదేరాలా వద్దా అని తేల్చేది చాలా ఇళ్ళలో ఇంకా మీరే. అందుచేత మీరు వినడం అవసరం.

చూడి గేదె ఒక పూట దాణా ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మధ్యాహ్నానికి సంఘం కార్యదర్శికి కబురు వెళుతుంది, సాయంత్రానికి పశువుల డాక్టరు వస్తారు. ఇందులో తప్పేమీ లేదు, అలాగే ఉండాలి. అదే ఇంట్లో నెల తప్పిన కోడలు మూడు రోజులుగా గుక్కెడు మంచినీళ్ళు కూడా కడుపులో నిలవక వాంతి చేసుకుంటూ ఉంటే, ‘వేవిళ్ళే కదా, అవే తగ్గుతాయి’ అంటాము. చాలామందికి అవే తగ్గే మాట నిజమే. తగ్గని వాళ్ళ గురించి చెప్పడానికే నేను ఈవేళ వచ్చాను.

ముందు మామూలు వేవిళ్ళ సంగతి. వందమంది గర్భిణులలో డెబ్బై ఎనభై మందికి ఎంతో కొంత వికారమో వాంతులో ఉంటాయి. నెల తప్పిన రెండు మూడు వారాలకు మొదలవుతాయి, మూడో నెలలో ముదురుతాయి, నాలుగో నెల, అయిదో నెల వచ్చేసరికి చాలామందికి సద్దుమణుగుతాయి. పొద్దున్నే వస్తాయని పేరే గాని, రోజంతా ఏ వేళనైనా రావచ్చు. ఈ మనిషి రెండుసార్లు కక్కినా మూడోసారి తిన్నది నిలుస్తుంది, నీళ్ళు తాగగలుగుతుంది, మూత్రం మామూలుగా వస్తుంది, బరువు పెద్దగా తగ్గదు. ఈమెకు కాస్త విశ్రాంతి, ఇష్టమైన తిండి, ఇంట్లోవాళ్ళ నుంచి ఒక మంచిమాట ఉంటే చాలు. మన పెద్దవాళ్ళు వేవిళ్ళ పిల్లకు ఏది తినబుద్ధి అయితే అది పెట్టమన్నారు. వైద్యశాస్త్రం దానికి వంక పెట్టదు.

రెండో రకం వేరు. దీనికి ఇంగ్లీషు వైద్యంలో హైపరెమెసిస్ అని పేరు. తీవ్రమైన వేవిళ్ళు అని మనం అనుకుందాం. వందమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఇది వస్తుంది. ఆ లెక్కన ప్రతి పాలసంఘం పరిధిలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒక ఇంట్లో తప్పక ఉండే జబ్బే. ఈ మనిషి రోజుకు పదిసార్లు, పదిహేనుసార్లు కక్కుతుంది. కడుపులో ఏమీ లేకపోయినా పసరు, పచ్చటి నీళ్ళు వస్తాయి. ఉమ్మి మింగితే కూడా వాంతి అవుతుంది. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరుగుతాయి. అయిదో నెలకు కూడా తగ్గనివాళ్ళున్నారు, కొందరికి కాన్పు దాకా ఉంటుంది.

ఈ రెండింటినీ ఎలా పోల్చుకోవాలి? పాడి చేసేవాళ్ళకు ఇది చెప్పడం నాకు సులువు. దూడ పారుకున్నప్పుడు మీరేం చూస్తారు? మెడ మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోదు, కళ్ళు లోపలికి పోతాయి, మూతి ఎండుతుంది. ఒంట్లో నీరు తగ్గిందని చూడగానే మీకు తెలిసిపోతుంది. మనిషిలోనూ అవే గుర్తులు. నాలుక, పెదవులు ఎండిపోతాయి, కళ్ళు గుంటలు పడతాయి, మూత్రం పొద్దున్నుంచి సాయంత్రానికి ఒకటి రెండుసార్లకు మించి రాదు, వచ్చినా టీ డికాషను రంగులో ముదురుగా ఉంటుంది.

ఇంకొకటి. ఈనిన కొద్ది వారాలకు బాగా పాలిచ్చే గేదె ఉన్నట్టుండి దాణా మానేసి ఎండుగడ్డి మాత్రం కొరుకుతూ చిక్కిపోవడం మీలో కొందరు చూసే ఉంటారు. దాని ఊపిరిలో, పాలలో ఒక తియ్యటి ఘాటు వాసన వస్తుంది. కీటోసిస్ అని పశువుల డాక్టరు చెబుతారు. కావలసినంత మేత లోపలికి పోక, ఒంట్లో కొవ్వును కరిగించి వాడుకుంటున్నప్పుడు పుట్టే పదార్థాల వాసన అది. రోజుల తరబడి తిండి నిలవని గర్భిణి ఒంట్లో కూడా అవే పదార్థాలు పుడతాయి. ఆమె నోటిలోనూ ఆ వాసన రావచ్చు. ఆస్పత్రిలో మూత్రం పరీక్ష చేస్తే కీటోన్లు కనబడతాయి. వాసన తెలియకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. తెలిస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు.

అన్నిటికంటె నమ్మకమైనది తూకం. పాలు గ్రాములతో సహా తూచి పుస్తకంలో రాయించుకుంటాము. నెల తప్పిన పిల్లను మొదటి నెలలోనే ఒకసారి తూచి ఆ అంకె ఎక్కడైనా రాసిపెట్టండి. అంగన్‌వాడీలో కాటా ఉంటుంది, ఆశా కార్యకర్తను అడగవచ్చు. ఏదీ లేకపోతే సంఘంలో దాణా బస్తాలు తూచే కాటా ఉంటే దాని మీద నిలబెట్టండి, పరువేమీ పోదు. మునుపటి బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే అది తీవ్రమైన వేవిళ్ళ గుర్తు. 45 కిలోల మనిషికి అది రెండుంబావు కిలోలు, 50 కిలోల మనిషికి రెండున్నర. బరువు అంతగా తగ్గేదాకా చూస్తూ కూర్చోమని కాదు. ఒక పగలు, ఒక రాత్రి, అంటే 24 గంటలు, తిన్నదిగాని తాగినదిగాని ఏమీ నిలవకపోతే ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి. వాంతిలో రక్తం కనబడినా, కడుపులో నొప్పి, జ్వరం, మూత్రంలో మంట, కళ్ళు పచ్చబడడం ఉన్నా ఆ 24 గంటలు కూడా ఆగవద్దు. అవి వేవిళ్ళు కాక వేరే జబ్బు కావచ్చు. నెలలు నిండుతున్న గర్భిణికి కొత్తగా వాంతులు, తలనొప్పి మొదలైతే అది బహుశా రక్తపోటు సంగతి, వేవిళ్ళ లెక్కలో వేయకండి.

ఇక ఇళ్ళలో వినబడే మాటలు. ‘మేము నలుగురిని కన్నాము, పొలం పని చేస్తూనే కన్నాము, ఈ పిల్లకే వచ్చిందా?’ అని అత్తగార్లు అంటారు. నేను అత్తగార్ల మీద నేరం మోపడం లేదు. ఆమెకు మామూలు వేవిళ్ళు వచ్చాయి, అందుచేత వేవిళ్ళంటే అంతేనని ఆమె అనుకుంటుంది. రెండూ ఒకే జబ్బు అయినా ఒకటి చినుకు, ఒకటి తుఫాను. మరికొందరు ‘ఇష్టం లేని కాపురం, అందుకే కక్కుతోంది’ అంటారు. ‘పనికి బద్ధకం’ అంటారు. ఈ మాట చదువుకున్నవాళ్ళు కూడా అన్నారు సుమా. ఒక కాలంలో పాశ్చాత్య దేశాల వైద్యులే ఇది మనసుకు సంబంధించినదని భావించి, వాంతులతో ఉన్న గర్భిణిని ఒంటరి గదిలో ఉంచి అయినవాళ్ళను చూడనిచ్చేవారు కాదు.

అది తప్పని ఇప్పుడు గట్టిగా తెలుసు. గర్భంలోని మాయ, పిండం నుంచి జి.డి.ఎఫ్.15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. ఇది మెదడులో వికారం పుట్టించే చోటును తట్టి లేపుతుంది. గర్భానికి ముందు ఎవరి ఒంట్లో ఈ హార్మోను తక్కువగా ఉంటుందో, వారికి అది అలవాటు లేక, గర్భం రాగానే ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేరు. 2023 డిసెంబరులో ఈ పరిశోధన వెలువడింది. ఇందులో ముఖ్యపాత్ర వహించిన అమెరికా శాస్త్రవేత్త మార్లెనా ఫెజో 1999లో తానే ఈ జబ్బుతో మంచం పట్టి, ఆ గర్భాన్ని పోగొట్టుకున్న మనిషి. ఆమెను నమ్మనివాళ్ళు అప్పుడు ఉన్నారట. ఆమె మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని వదలలేదు. ఈ జబ్బు తల్లికి ఉంటే కూతురికి, అక్కకు ఉంటే చెల్లెలికి వచ్చే అవకాశం ఎక్కువని కూడా తేలింది. కలిగినవాళ్ళకు రాదని కాదు. ఇంగ్లండు రాజకుటుంబపు కోడలు కేథరీన్ 2012 డిసెంబరులో ఈ కారణంగానే ఆస్పత్రిలో చేరింది. ఆమెను బద్ధకస్తురాలని ఎవరూ అనలేదు.

అన్నట్టు, వాంతులు ఎక్కువైతే ఆడపిల్ల, తక్కువైతే మగపిల్లవాడు అని జోస్యం చెప్పేవాళ్ళుంటారు. వాంతులను చూసి కడుపులో బిడ్డ సంగతి తేల్చడం కుదరదు. ఆ జోస్యం వల్ల ఆడపిల్ల అనుకుని వైద్యం వాయిదా వేసిన ఇళ్ళు ఉన్నాయి గనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది దయచేసి జాగ్రత్తగా వినండి. మిగతాది మరిచిపోయినా ఇది గుర్తుంటే చాలు.

నీరసంగా ఉంటే గ్లూకోజు ఎక్కించడం మనకు అలవాటు. కీటోసిస్ వచ్చిన గేదెకు పశువుల డాక్టరు నరంలోకి గ్లూకోజు ఇస్తారు, గేదె తేరుకుని లేస్తుంది. మీరు కళ్ళారా చూసినదే. అందుచేత మనిషికి కూడా గ్లూకోజు బాటిలు పెడితే మంచిదే గదా అనిపిస్తుంది. కాని ఇక్కడ గేదెకూ మనిషికీ ఒక పెద్ద తేడా ఉంది. గ్లూకోజును ఒళ్ళు వాడుకోవాలంటే బి1 విటమిను, అంటే థయామిన్, కావాలి. నెమరు వేసే పశువు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆ విటమినును అక్కడే తయారు చేసిపెడతాయి. మనిషికి ఆ సౌకర్యం లేదు. తిండిలోంచి రావలసిందే. ఒంట్లో నిలవ ఉండేది రెండు మూడు వారాలకు మించి రాదు. పైగా మనం తినేది బాగా పాలిష్ పట్టిన బియ్యం. బియ్యంలోని బి1 చాలావరకు తవుడుతో పోతుంది, ఆ తవుడు గేదె తింటుంది. కాబట్టి రెండు మూడు వారాలుగా తిన్నదంతా కక్కుతున్న మనిషి ఒంట్లో బి1 అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనబడుతుంది, కనుగుడ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట తడబడి మతి తప్పుతుంది. దీనిని వెర్నికే జబ్బు అంటారు. వెంటనే బి1 సూది ఇస్తే చాలావరకు తిప్పుకోవచ్చు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఒక కేసు చెబుతాను. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. ఆమె మూడో నెల గర్భిణి, ఇద్దరు పిల్లల తల్లి. నెల రోజులుగా వాంతులు. ఇంటి దగ్గరే నాలుగు రోజులలో అయిదు గ్లూకోజు సీసాలు పెట్టించారు. సీసా పెట్టినప్పుడల్లా ఒక పూట తేరుకున్నట్టు కనిపించిందట. అయిదో రోజు పొద్దున దొడ్లోకి వెళ్ళబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. ‘ఇద్దరు అత్తమ్మలు కనబడుతున్నారు’ అంది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకున్నారు. అయితే వాళ్ళ ఆడపడుచు పట్టుబట్టి 108కి ఫోను చేసింది. మా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తన పిల్లల పేర్లు వరసగా చెప్పడం రావడం లేదు. బి1 సూదులు మొదలుపెట్టాము. రెండు చూపులు మూడో రోజుకు సర్దుకున్నాయి. నడక సరిగా రావడానికి నెలలు పట్టింది. బిడ్డ నిలిచింది. ఆడపడుచు ఆ రోజు కాక మర్నాడు ఫోను చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

ఊళ్ళో సూది వేసే ఆయన మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి తలుపు తట్టితే వచ్చేది ఆయనే. ఆయనకు మీరే ఈ మాట చెప్పండి: ‘గర్భిణికి వాంతులయితే ఉత్త గ్లూకోజు పెట్టవద్దు, పెద్దాస్పత్రికి పంపించండి.’ ఆస్పత్రిలో కూడా ‘బి1 సూది ఇచ్చారా అండీ?’ అని అడగడం మీ హక్కు. అడిగినందుకు విసుక్కునే వాళ్ళుంటారు, ఫర్వాలేదు, అడగండి.

ఆస్పత్రిలో ఏం చేస్తారో కూడా చెబుతాను, భయం తగ్గుతుంది. మూత్రంలో కీటోన్లు చూస్తారు, రక్తంలో లవణాలు చూస్తారు. స్కానింగు చేస్తారు. కవలలు ఉన్నా, పిండానికి బదులు ద్రాక్ష గుత్తిలాంటి బుడగలు పెరిగే గర్భం అయినా వాంతులు విపరీతంగా ఉంటాయి, ఆ రెండో దానికి వైద్యమే వేరు. తరవాత ఉప్పునీటి సెలైను, అవసరాన్ని బట్టి పొటాషియం కలిపి, ఎక్కిస్తారు. బి1 ఇస్తారు. వాంతులు ఆగే మందు నోటితో నిలవకపోతే సూదిగా ఇస్తారు. కొందరికి పొద్దున చేరి సాయంత్రం ఇంటికి పోయేంత పనే. కొందరు రెండు మూడు రోజులుండాలి. తిరిగి వాంతులు ముదిరితే మళ్ళీ రావలసి ఉంటుంది. రెండోసారి వచ్చిందంటే మొదటి వైద్యం పనికిరాలేదని కాదు, ఈ జబ్బు తీరే అంత.

మాత్రల భయం గురించి. ‘మూడో నెలలో మందు మింగితే బిడ్డకు అవకరం’ అని గట్టిగా నమ్ముతారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. నిద్రకు, గర్భిణుల వికారానికి మంచిదని వాడారు. తల్లులకు పుట్టిన పిల్లలకు చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడలేదు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునేసరికి ప్రపంచంలో పదివేలమందికి పైగా పిల్లలు దెబ్బతిన్నారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే ప్రభుత్వ వైద్యాధికారిణి, రుజువులు చాలవని పట్టుబట్టి అనుమతి ఇవ్వనందున అక్కడ చాలామంది పిల్లలు బయటపడ్డారు. ఈ కథ తెలిసిన డాక్టర్లే గర్భిణికి మందు రాయడానికి చాలాకాలం జంకారు.

కాని ఆ భయం ఇంకోవైపు కూడా నష్టం చేసింది. డాక్సిలమిన్ అనే మందు, బి6 విటమిను కలిపిన మాత్రను అమెరికాలో 1956 నుంచి వేవిళ్ళకు వాడేవారు. కోట్లమంది తల్లులు మింగారు. దాని వల్ల అవకరాలు వస్తున్నాయని కోర్టులో దావాలు పడ్డాయి. పరిశోధనలలో ఆ దోషం రుజువు కాలేదు, అయినా దావాల ఖర్చు భరించలేక కంపెనీ 1983లో అమ్మడం మానేసింది. ఏమైంది? అవకరాలు తగ్గలేదు. వాంతులతో ఆస్పత్రిలో చేరే గర్భిణుల సంఖ్య మాత్రం పెరిగింది. చివరికి 2013లో అదే మందుకు అక్కడి ప్రభుత్వం తిరిగి అనుమతి ఇచ్చింది. మన దేశంలో ఆ మాత్ర దొరుకుతుంది, వేవిళ్ళకు మొదట రాసేది అదే. దానితో కొంచెం మత్తుగా ఉంటుంది. దానికి లొంగకపోతే వేరే మందులున్నాయి, ఏది ఎప్పుడు అన్నది డాక్టరు చూసి నిర్ణయించాలి. దుకాణంలో ‘వాంతుల మాత్ర’ అని అడిగి తెచ్చుకోవద్దు, గర్భిణి అని చెప్పి డాక్టరు చీటీతోనే కొనండి.

ఇంటి దగ్గర చేయవలసినవి. మొదటిది పని సంగతి. ఈ మనిషికి వాసనలు పడవు. పాడి ఉన్న ఇంట్లో వాసనలకు కొదవా? పేడ, మూత్రం, నానబెట్టిన చెక్క, పచ్చిపాలు, పొయ్యి మీద తాలింపు, పొగ. తెల్లవారుజామున నాలుగింటికి ఖాళీ కడుపుతో లేచి కొట్టంలోకి వెళ్ళమంటే వాంతి కాక ఏమవుతుంది? ఆ మూడు నాలుగు నెలలు పాలు పితకడం, పేడ తీయడం ఇంకొకరు చేయాలి. గేదె కొత్త చేతికి చేపదని అంటారు. మూడు రోజులు విసిగిస్తుంది, నాలుగో రోజు చేపుతుంది, ఈ విషయం నాకంటె మీకే బాగా తెలుసు. మగవాళ్ళు పాలు పితికితే గేదెకేమీ అభ్యంతరం ఉండదు. ఎవరూ లేని ఇల్లయితే పక్కింటివాళ్ళతో మాట్లాడుకోండి. ఒకరి కాన్పుకు ఒకరు వంతు పిండడం మన ఊళ్ళకు కొత్త కాదు. ఇదే సందర్భంలో ఇంకొక మాట: గేదె ఈసుకుపోతే ఆ పిండాన్ని, మాయను గర్భిణి ముట్టుకోకూడదు. వాంతులున్నా లేకపోయినా ఇది వర్తిస్తుంది.

తిండి విషయంలో ఎక్కువ నియమాలు వద్దు. మంచం దిగకముందే నాలుగు మరమరాలో ఒక ఎండు బిస్కటో నోట్లో వేసుకోవాలి. రెండు గంటలకు ఒకసారి గుప్పెడు, పొట్ట నిండా ఒకసారి కాదు. వేడివేడిది వాసన కొడుతుంది గనుక చల్లారినది నయం. అల్లం కొందరికి పనిచేస్తుంది, తీవ్రమైన వేవిళ్ళకు అల్లం ఒక్కటే చాలదు. నీళ్ళు గటగటా తాగితే వెంటనే కక్కుతుంది. ఓ.ఆర్.ఎస్. పొడి ప్యాకెట్టు మీద రాసినట్టు లీటరు నీళ్ళలో కలిపి, చెంచా చొప్పున, అయిదు నిమిషాలకొకసారి పట్టండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి వేయండి.

పాల గురించి అడుగుతారని నాకు తెలుసు. పాలసంఘం వేదిక మీద నిలబడి పాలు తాగకపోయినా ఫర్వాలేదు అంటే కార్యదర్శి గారికి కోపం రావచ్చు. అయినా చెబుతున్నాను, పడకపోతే బలవంతంగా పట్టవద్దు. పలచటి మజ్జిగో చల్లటి పెరుగో పడితే ఇవ్వండి. అదీ పడకపోతే నాలుగో నెల తరవాత చూద్దాం. కాచని పాలు మాత్రం గర్భిణికి ఎప్పుడూ వద్దు. ఫోలిక్ యాసిడ్ మాత్ర చిన్నది, నిలిస్తే మానవద్దు. ఇనుము మాత్ర వాంతులను పెంచుతుంది, దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో ఏ.ఎన్.ఎం.ను అడగండి.

డబ్బు గురించి. గర్భిణికి ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షలు, మందులు, భోజనం, రవాణా ఉచితంగా ఇవ్వాలని 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం పెట్టారు. కాన్పుకు ముందు వచ్చే చిక్కులకు కూడా 2014లో దాన్ని వర్తింపజేశారు. రాత్రయినా 108కి ఫోను చేయండి, ‘గర్భిణి, నీళ్ళు కూడా నిలవడం లేదు’ అని సూటిగా చెప్పండి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది, మంచిదే. కాని వాంతులతో ఉన్న మనిషిని 9వ తేదీ దాకా ఆపకండి. పుట్టింటికి పంపితే బాగుపడుతుందని బస్సెక్కిస్తారు. పుట్టింట్లో ఆదరణ ఉంటుంది, కాదనను. ముందు ఆస్పత్రి, తరవాత పుట్టిల్లు.

కడుపులో బిడ్డకు ఏమవుతుందని అందరూ అడుగుతారు. వేళకు వైద్యం అందితే ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు. వైద్యం లేక తల్లి చిక్కిపోతే బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఉంది. తల్లి గురించి మాత్రం ఎవరూ అడగరు. వారాల తరబడి కక్కే మనిషికి బతుకు మీద విసుగు పుడుతుంది. ‘ఈ కడుపు నాకు వద్దు’ అని కొందరు నాతో అన్నారు. కోరి తెచ్చుకున్న గర్భం గురించే అన్నారు. ఆ మాటకు తిట్టవద్దు. చచ్చిపోతానని అంటే తేలిగ్గా తీసుకోక డాక్టరుకు చెప్పండి. పక్కన ఒకరు కూర్చుని వాంతి గిన్నె కడిగి, నోరు తుడిచి, ‘నీ తప్పు కాదమ్మా’ అంటే ఆ పూట గడుస్తుంది.

ఒకసారి తీవ్రంగా వచ్చినవాళ్ళకు తరవాతి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం బాగా ఉంది. అందుచేత రెండో బిడ్డ అనుకున్నప్పుడే డాక్టరును కలవండి. నెల తప్పగానే, వాంతులు ముదరకముందే మాత్ర మొదలుపెడితే చాలామందికి ఈసారి తీవ్రత తగ్గుతుంది. కొట్టం పని ఎవరు చూస్తారన్నది కూడా అప్పుడే అనుకోవాలి.

భోజనాల తరవాత నేను టెస్టింగు గదిలో సాయంత్రం పాలు వచ్చే వేళ దాకా కూర్చుంటాను. సభలో అడగలేని ప్రశ్నలు అక్కడ అడగవచ్చు. అంగన్‌వాడీ కాటా ఒకటి తెప్పించి అక్కడే పెట్టించాము. నెల తప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే తూచుకుని, ఆ అంకె మీ పాలపుస్తకం చివరి పేజీలో రాయించుకుని వెళ్ళండి.